ఆసుపత్రి వాకిట తక్కెడ

గడచిన మాసమున మన హూడిలోని ఒక వృద్ధురాలిని ఆమె కుమారుడు రాత్రి పదిగంటల వేళ ఒక వైద్యశాలయొక్క అత్యవసర విభాగమునకు తీసికొనిపోయెను. ఆ వైద్యశాల పేరు మేము వ్రాయబోము. ఇట్టిది ఎచ్చటనైనను జరుగవచ్చును. కుమారుడు బండిని నిలుపుటకు చోటు వెదకుచుండగా ఆమె ఒక్కతెయే వాకిటి బల్లవద్దకు నడచెను. అచ్చటి నర్సు ఏమి బాధయని కన్నడమున అడిగెను. "ఆయాసంగా ఉంది తల్లీ" అని ఈమె చెప్పెను. నర్సు తలయూపి, రోగి అలసియున్నదని కాగితముపై ఆంగ్లమున వ్రాసి, కూర్చుండుమనెను. జనము ఎక్కువగా నుండిరి. ముప్పాతిక గంట గడచెను. పెదవులు నల్లబారుచుండగా అటు పోవుచున్న ఒక చిన్న డాక్టరు చూచి, వ్రేలికి ఆక్సీమీటరు తగిలించి, మారుమాట లేక చక్రముల కుర్చీలో లోనికి తీసికొనిపోయెను. గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరియుండెను. దైవానుగ్రహమువలన ఆమె బ్రతికినది. ఇప్పుడు ఇంటనే యున్నది.

ఈ ఆపద ఎట్లు వచ్చెనో మనవారు ఆలోచింపవలెను. నర్సు నిర్లక్ష్యము చేయలేదు. తాను విన్న మాటను విన్నట్లే వ్రాసినది. మనకు ఆయాసమనగా ఊపిరి అందకపోవుట, రొప్పుట. కన్నడమున ‘ఆయాస’ అనగా బడలిక. సంస్కృతమున మూలార్థము శ్రమయే గనుక, అర్థము మార్చినది మనమా వారా యని పండితులు తర్కింపవచ్చును. ఊపిరి అందనివారికి ఆ తర్కముతో పనిలేదు. బొత్తిగా తెలియని భాష విన్నచో ఎదుటివారు "అర్థము కాలేదు, మరల చెప్పుము" అని యడుగుదురు. తెలిసినట్లు తోచు మాటయే ఎక్కువ అపాయకరము. అడుగవలెనను తలంపే వారికి కలుగదు.

ఇట్టి మాటలు ఇంకను కలవు. "తొందరగా చూడండమ్మా" అని మనవారు మొరపెట్టుకొన్నచో, కన్నడమున ‘తొందరె’ యనగా ఇబ్బంది గనుక, "ఏమి తొందరె?" యని ప్రశ్న తిరిగి వచ్చును. ఇది నవ్వుకొనదగినదే. మన యిండ్లలో నీరసమును ‘సుస్తు’ అందుము. అది కన్నడమునుండి మనకు సంక్రమించిన మాట. ఆంధ్రదేశమునుండి క్రొత్తగా వచ్చిన తెలుగు డాక్టరుకు ‘సుస్తీ’ యనగా ఏదో యొక జబ్బు అని మాత్రమే తెలియును. కాబట్టి తెలుగు డాక్టరు దొరకినంతనే చిక్కు వీడునని తలపరాదు. తరతరములుగా ఈ నేలపై పెరిగిన మన తెలుగు వేరు, వారి తెలుగు వేరు. ‘గుండెలో మంట’ యను మాట ఒక్కటి చాలదా? అది పులిత్రేన్పుల మంటయో, గుండెపోటో చెప్పినవానికే తెలియదు. వినినవానికి ఎట్లు తెలియును?

భాషాల్పసంఖ్యాకుల హక్కులనగా మనకు బడియు, అర్జీయు గుర్తునకు వచ్చును. రాజ్యాంగముయొక్క 350వ అధికరణము మన భాషలోనే అర్జీ పెట్టుకొను హక్కు నిచ్చినది. 1956లో ఏడవ సవరణద్వారా చేర్చిన 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చి చెప్పుచున్నది. వాటికొరకు మన పెద్దలు పాటుపడిరి. ఆసుపత్రి వాకిట రోగి పలుకు మాటను గూర్చి అందు ఏమియు లేదు. అయినను దీనిని మేము హక్కుల జాబితాలో చేర్చి పోరాడవలసిన విషయముగా తలచుటలేదు. మన బిడ్డలు కన్నడమున చదివిరి. మన వ్యాపారము కన్నడమున జరుగుచున్నది. ఈ రాష్ట్రపు భాష అది, దానియెడ మనకు గౌరవము కలదు. మరియు నేడు వైట్‌ఫీల్డు ప్రాంతపు వైద్యశాలలలో కేరళమునుండి వచ్చిన నర్సులు, ఈశాన్య రాష్ట్రములనుండి వచ్చిన సహాయకులు, ఉత్తరదేశపు డాక్టర్లు కలిసి పనిచేయుచుందురు. కన్నడిగురాలైన ముసలమ్మకే తన మాట తెలిసినవారు దొరకని రాత్రులు కలవు. కనుక ఇది తెలుగువారికి మాత్రమే చెందిన కష్టము కాదు. మాటపై ఆధారపడిన వాకిలి ఎవరికైనను ప్రమాదమే.

మేము వర్తకులము. కొట్టునకు బస్తా వచ్చినచో దాని బరువెంతయని హమాలీని అడిగి పద్దు వ్రాయము. తక్కెడలో పెట్టిన పిమ్మటనే వ్రాయుదుము. ఆసుపత్రి వాకిట కావలసినది అదియే. నాడి, రక్తపుపోటు, జ్వరము, నిమిషమునకెన్ని శ్వాసలు, రక్తములో ఆక్సిజను ఎంత, స్పృహ ఎట్లున్నది — ఈ ఆరింటిని కొలుచుటకు అయిదారు నిమిషములు చాలును. వీటిలో ఏ ఒక్కదానికిని భాష అక్కరలేదు. ఆక్సీమీటరు ఎంత చిన్న వస్తువో 2020, 2021 సంవత్సరముల కరోనా కాలమున మన యిండ్లలోని పిల్లలకు సైతము తెలిసినది. పెద్దవారు నిమ్మళముగా నున్నప్పుడు నిమిషమునకు పండ్రెండునుండి ఇరువది శ్వాసలు తీయుదురు. ముప్పది దాటినచో ఏ భాష మాటాడినను వారు అపాయమునందున్నారు. కాని శ్వాసలను గడియారము చూచుచు లెక్కించు ఓపిక గలవారు అరుదు. చాలమంది కంటితో చూచి ఒక అంకెను వ్రాసివైతురు. ఆ వృద్ధురాలిని వచ్చిన వెంటనే తూచియున్నచో, ఆయాసమను మాటకు అర్థమేదైనను ఆమె లోపలనుండెడిది.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. సుమారు రెండువందల ఏండ్ల క్రిందట నెపోలియను సైన్యములో లారే యను శస్త్రవైద్యుడుండెను. క్షతగాత్రులను సేనాపతి, సిపాయి యను భేదము లేక, గాయపు తీవ్రతనుబట్టి ముందువెనుకలు నిర్ణయించి చికిత్స చేయవలెనని ఆయన నియమము. పదవిని చూడరాదు, నెత్తురును చూడవలెను. నేడు డాక్టర్లు ‘ట్రయాజ్’ అని వ్యవహరించుచున్నది దీనినే. 1990 దశకమున ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరపు వైద్యులు దీనికి అయిదు రంగులు నిర్ణయించిరి. ఎఱ్ఱరంగు వానిని తక్షణమే చూడవలెను. నారింజ రంగు వానిని పది నిమిషములలో, పసుపు వానిని గంటలో, ఆకుపచ్చ వానిని రెండు గంటలలో, నీలము వానిని నాలుగు గంటలలో. మన దేశమున అత్యవసర వైద్యము ప్రత్యేకశాఖగా గుర్తింపబడినది 2009లో మాత్రమే. అందువలన ఈ విద్యయందు తర్ఫీదు పొందినవారు అన్ని చోట్లను లేరు. చిన్న ఆసుపత్రులలో, అనుభవములో అందరికన్న చిన్నవానినే ఆ బల్లవద్ద కూర్చుండబెట్టుదురు. మా యెఱుకలో ఏ కొట్టువాడును క్రొత్త గుమాస్తాచేతికి తక్కెడ నీయడు.

కాలము విలువను గూర్చి రెండు సంగతులు చెప్పి ముందునకు పోవుదము. గుండెపోటు అనుమానమున్నచో రోగి వచ్చిన పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనని నియమము. మధుమేహము గలవారికిని, వృద్ధులకును, స్త్రీలకును గుండెపోటు నొప్పి లేకుండనే రావచ్చును; ఆయాసము, చెమట మాత్రమే కనిపింపవచ్చును. పక్షవాతమునకు రక్తపు గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలో నీయవలెను. ఆ గంటలు ఇంటివద్ద మొదలగును, ఆసుపత్రి వాకిట కాదు.

తీవ్రతను తప్ప మరిదేనినైనను చూచి వరుస నిర్ణయించుట అన్యాయము. ముందు వచ్చినవాడు, ముందు డబ్బు కట్టినవాడు, ముందు కేకలు వేసినవాడు — వీరిని గూర్చి పత్రికలు వ్రాయుచునే యున్నవి. ఫోను చేయించినవానిని గూర్చి ఎవరును వ్రాయరు. అది మేమే వ్రాయవలెను.

కొన్ని యేండ్ల క్రిందట మన సభ్యులొకరు అర్ధరాత్రి మాకు ఫోను చేసిరి. వారి కుమారునికి జ్వరము, వాంతులు. గంటసేపటినుండి కూర్చుండబెట్టిరని, పలుకువారు లేరని చెప్పిరి. సంఘములో పెద్దలమని పేరు పడినందున ఇట్టి పిలుపులు మాకు క్రొత్తకాదు. ఆ వైద్యశాలలో పలుకుబడి గల ఒక పరిచితునికి మేము ఫోను చేసితిమి. పది నిమిషములలో బాలుని లోనికి పిలిచిరి. మరునాడు తండ్రి పండ్లు, తమలపాకులతో వచ్చి కృతజ్ఞత తెలిపెను. మేమును సంతోషించితిమి, దాచనేల, కొంత గర్వించితిమి. వారము గడచిన పిమ్మట ఆయనయే మరియొక మాట చెప్పెను. ఆ రాత్రి అదే బల్లపై, వారికన్న ముందుగా వచ్చిన కూలివాడొకడు మూతి వంకరపోయి, కుడిచేయి వ్రేలాడుచు కూర్చుండియుండెనట. వాని భార్య ప్రక్కన నిలిచి వచ్చిపోవువారి ముఖములు చూచుచుండెనట. ఈ మాట చెప్పునపుడు ఆయన మా ముఖము చూడలేదు. ఆ కూలివాని ఆలస్యమునకు మా ఫోనే కారణమని నిశ్చయముగా చెప్పజాలము. కాని బాలుడు ఉదయమువరకు ఆగగలిగియుండెను. వాడు ఆగగలిగియుండలేదు.

నాటినుండి మేము అట్టి ఫోనులు చేయుట మానితిమి. అందుచే కొందరు మిత్రులకు మాపై కోపము కలదు. అర్ధరాత్రి పిలిచినను, రోగిమాటను కన్నడములోనికో ఆంగ్లములోనికో చెప్పుటకు మేము సిద్ధము. వరుస దాటించుటకు మాత్రము కాము. ఈ భేదమును మన సభ్యులు గ్రహింపవలెనని కోరుచున్నాము.

ఇక వాకిట ఇంత జనము ఎందుకు నిలిచిపోవుచున్నారు? డాక్టర్లు చాలకనని మనము తలంచుదుము. అది కొంతవరకే నిజము. గోదాములో పాత సరుకు కదలనిదే వాకిట లారీ దింపుటకు వీలుపడదు. లోపలి వార్డులో నయమైనవాడు ఉదయము ఇంటికి పోవలసియుండగా, బిల్లు తయారుకాక, బీమా కంపెనీ అనుమతి రాక, సాయంకాలమువరకు పడకపైననే యుండును. వాని పడకకై ఎదురుచూచువాడు అత్యవసర విభాగపు పడకపై నుండును. వానికై ఎదురుచూచువాడు మన ముసలమ్మ ప్రక్కన బల్లపై నుండును. కనుక వాకిలి రద్దీని వాకిట మాత్రమే తీర్చలేరు. మధ్యాహ్నములోపల విడుదల కాగితములు పూర్తిచేయు వైద్యశాల రాత్రివేళ ప్రాణములు కాపాడుచున్నదని మేము చెప్పుదుము. ఇంగ్లాండు ప్రభుత్వము 2004 నాటికి, వచ్చిన ప్రతివానిని నాలుగు గంటలలో చూచి పంపుటయో చేర్చుకొనుటయో జరుగవలెనని గడువు పెట్టినది. మేలు జరిగినది, మరియొక చిత్రమును జరిగినది. గడువు ముగియు చివరి నిమిషములలోనే చాలమందిని కదిలించుచుండిరని లెక్కలలో బయటపడెను. గడువులు పెట్టువారు దీనినికూడ మరువరాదు.

"పడక లేదు" అను మాటపై మన సుప్రీంకోర్టు తీర్పు కలదు. 1992 జూలై 8న పశ్చిమ బెంగాలులో హకీం షేక్ అను వ్యవసాయకూలి రైలునుండి పడి తలకు గాయపడెను. ఒకదానివెంట ఒకటిగా ప్రభుత్వ వైద్యశాలలు పడక లేదనియో, వసతి లేదనియో త్రిప్పి పంపగా, చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు చెల్లించి చికిత్స పొందెను. 1996లో కోర్టు ఆయనకు 25,000 రూపాయలు నష్టపరిహారము నిప్పించుచు, సకాలమున చికిత్స నీయకపోవుట జీవించు హక్కునకు భంగమని చెప్పినది. అంతకుముందే 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యమున, పోలీసులు వచ్చువరకు వేచియుండక గాయపడినవానికి ప్రతి డాక్టరును చికిత్స చేయవలెనని తీర్పు వచ్చినది. మన రాష్ట్రముననే 2016 ఫిబ్రవరిలో హరీష్ అను యువకుడు నెలమంగల వద్ద లారీ ప్రమాదమున శరీరము రెండు ఖండములై, ప్రాణము పోవుచుండగా తన కన్నులను దానము చేయుడని కోరెను. ఆయన పేర ప్రభుత్వము ఆ మార్చిలోనే, ప్రమాదమున గాయపడినవారికి మొదటి 48 గంటల చికిత్సకై పథకమును ప్రారంభించెను. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము, రోడ్డుప్రమాదమున గాయపడినవారికి నియమిత ఆసుపత్రులలో ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయల వరకు, చేతినుండి నగదు లేకుండ చికిత్స నీయవలెనని చెప్పుచున్నది. ఇవి మన జేబులోనున్న నోట్లవంటివి. ఉన్నవని తెలియనిచో చెల్లవు.

హూడివారికి ఆసుపత్రుల కరవు లేదు. మన తాతల కాలమున జబ్బుచేసినవానిని నగరము నడుమనున్న విక్టోరియా ఆసుపత్రికో, బౌరింగు ఆసుపత్రికో తీసికొనిపోవలసియుండెను. నేడు కె.ఆర్.పురమున ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి కలదు. వైట్‌ఫీల్డు వైపున 2001నుండి గుండె, మెదడు వ్యాధులకు ఉచితముగా చికిత్స చేయు సత్యసాయి వైద్యసంస్థయు, వైదేహి వైద్యకళాశాలయు, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులును కలవు. 2023నుండి మెట్రో రైలు మన తలలపై పోవుచున్నది. కాని రోగి మెట్రోలో పోడు. సాయంకాలము ఆరుగంటలకు హూడి కూడలిలో అంబులెన్సు కూత వినినవారికి దూరమనగా కిలోమీటర్లు కాదని తెలియును. అందుచే ఏ ఆసుపత్రి మంచిదను చర్చ రోగియింట ఆ రాత్రి చేయరాదు, ముందే చేసికొనవలెను. పునీత్ రాజ్‌కుమార్ గారి పేర నెలకొల్పిన హృదయజ్యోతి పథకము క్రింద తాలూకా ఆసుపత్రులలో ఇ.సి.జి. తీసి, జయదేవ సంస్థవంటి చోట్ల నుండు నిపుణులకు పంపి, వారి సలహాపై గడ్డను కరిగించు సూదిమందును ఉచితముగా నిచ్చు ఏర్పాటు కలదు. పెద్దపేరు గల ఆసుపత్రికై దగ్గరి వాకిలిని దాటిపోవుట ఎల్లప్పుడు వివేకము కాదు.

108 సంఖ్యకు పిలుచు అలవాటు మనవారిలో ఇంకను తక్కువ. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే పుట్టినది. కర్ణాటకమునకు 2008 నవంబరు 1న, రాజ్యోత్సవ దినమున వచ్చినది. తెలుగునాట పుట్టినదని గర్వపడుదుము గాని, అవసరమునకు ఎదురింటివాని కారునే అడుగుదుము. కారులో ఆక్సిజను లేదు, శిక్షణ పొందినవాడు లేడు.

మన తప్పులు ఇంకను కొన్ని యున్నవి. గుండె బరువెక్కినదని చెప్పినవానికి మొదట సోడా, పిదప వాము, పిదప "తెల్లవారనిమ్ము" అను ఓదార్పు. ఒక రోగివెంట పదునొకండుగురు చుట్టములు లోనికి చొరబడి, నర్సును తలకొక ప్రశ్న అడుగుదురు. ఆమె కొలువవలసిన నాడి అంతసేపు కొలువబడదు. ఏ మాత్రలు వాడుచున్నారని డాక్టరు అడిగిన, "పొద్దున ఒక పసుపు మాత్ర, రాత్రి ఒక తెల్ల మాత్ర" అని జవాబు. ఆ తెల్లమాత్ర రక్తమును పలుచన చేయునదో, నిద్రమాత్రయో ఎవరు చెప్పవలెను? కోపముతో సిబ్బందిపై చేయి చేసికొనుట 2009నుండి మన రాష్ట్రమున ప్రత్యేక చట్టముక్రింద నేరము. మన కుటుంబములలో ఎవరును అంతవరకు పోరని నమ్ముచున్నాము. మాటలు మాత్రము హద్దు దాటుట మేమే చూచితిమి.

ఈ విషయమున మన సంఘము చేయదలచినది చిన్నపని. అరువది ఏండ్లు దాటిన ప్రతి సభ్యునికి, సభ్యురాలికి చేతిలో ఇమిడెడి అట్టకార్డు నొకదానిని అచ్చువేయించి ఇచ్చుచున్నాము. ఒకవైపున పేరు, వయస్సు, పాతజబ్బులు, వాడు మందుల పేర్లు, పడని మందులు, ఇంటివారి ఫోను సంఖ్య. రెండవవైపున ఇరువది మాటలు — తెలుగు, కన్నడము, ఆంగ్లము మూడింటను. మొదటి పంక్తిలో ‘ఆయాసం’ అని తెలుగున వ్రాసి, దానికెదురుగా కన్నడమున ‘ఉసిరాటద తొందరె’ అని యుండును. చదువురానివారు వ్రేలితో చూపిన చాలును. ఇరువది మాటలు ఏవి కావలెనో నిర్ణయించుటకు మన వృద్ధమహిళలనే అడుగుచున్నాము, పండితులను పిలుచుటలేదు.

సమీపపు ఆసుపత్రుల అధికారులకు మూడు భాషలలో విజ్ఞప్తి సిద్ధమైనది. వాకిటనే కొలతలు తీయుడనియు, కొలిచిన పిమ్మటనే వరుస నిర్ణయింపుడనియు, డబ్బు కట్టు కిటికీని ఆ బల్లకు వెనుక నుంచుడనియు అందు కోరితిమి. మా సభ్యులు సిఫారసు ఫోనులు చేయరనియు అందులోనే వ్రాసితిమి. ఈ చివరి వాక్యమును తీసివేయుడని కార్యవర్గములో ఇద్దరు పెద్దలు కోరిరి. వారి మాటను మన్నింపలేకపోయితిమి.

కార్డులు నింపించుటకు రానున్న రెండు ఆదివారములు ఉదయము తొమ్మిదినుండి పండ్రెండు గంటలవరకు సంఘభవనమున ఏర్పాటు కలదు. వాడుచున్న మందుల చీటీలను, ఖాళీ మాత్రల అట్టలతోసహా, తీసికొని రావలెను. కన్నడ, ఆంగ్లములు చక్కగా వ్రాయగల యువకులు, యువతులు నలుగురైదుగురు అర్ధగంట ముందుగా వచ్చినచో పని సుకరమగును.